చర్చి దర్గా వెనక్కి వెళ్ళే చోటు

పోటెప్పుడో పాటెప్పుడో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎవరూ సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు. వంటింటి తలుపు చెబుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పొంగే రోజుల్లో అది బిగుసుకుపోతుంది, భుజం ఆనించి తోస్తే గాని రాదు. నాలుగైదు రోజులు గడిచాక దానంతట అదే వదులవుతుంది. రెండుసార్లు వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాను. రెండోసారి అతను చెక్కపొట్టు దులుపుకుంటూ, "తలుపుదేటీ తప్పు లేదు బావా. కింద నేల ఉబ్బుతన్నాది," అన్నాడు. నేను పెద్దగా నవ్వాను. పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతున్న మా అమ్మ నవ్వలేదు.

మా ఇంటి నుంచి సముద్రం కనబడదు, వినబడదు కూడా. మధ్యలో రైలు పట్టాలు, గోడౌన్లు, లారీల స్టాండు, అపార్టుమెంట్లు. అయినా గచ్చు పగిలిన చోటల్లా గవ్వలు పైకొస్తాయి. గోరంత గవ్వలు, తెల్లగా, లోపల బురద ఎండిపోయి. ఇవాళ ఊడిస్తే రేపు మళ్ళీ ఉంటాయి. కాపురానికొచ్చిన కొత్తలో నా భార్య భయపడి పసుపునీళ్ళు చల్లేది. ఇప్పుడు చేటలోకెత్తి పారబోస్తుంది. మనిషికి అలవాటు కానిదంటూ ఏమీ లేదు.

నేను పటాలు గీసి బతికినవాణ్ణి. పోర్టు పనులూ స్టీల్ ప్లాంటు పనులూ చేసే ఒక కంట్రాక్టరు దగ్గర ముప్పై అయిదేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. బయటి వాళ్ళు మా విశాఖపట్నం గురించి మాట్లాడితే కొండలంటారు, బీచి అంటారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది ఒకచోట తవ్వి ఇంకోచోట పోసిన ఊరు. ఆఫీసులో ఒక పాత పటం ఉండేది, గుడ్డ మీద అతికించినది, అంచులు చెదలు తిన్నది. అందులో యారాడ కొండకీ పాత ఊరికీ మధ్య నుంచి లోపలికి దూరిన ఉప్పుటేరు, దాని చుట్టూ ఇప్పుడు ఇళ్ళూ రోడ్లూ ఉన్న మేరంతా బురద. ఆ బురదలో అక్కడక్కడా చిన్న చిన్న దిబ్బలు. పోటుకి అవి లంకలు, పాటుకి నడిచి వెళ్ళగలిగే నేల. ఓడలు రావడానికి ఏటిని తవ్వారు. తవ్విన బురదని పల్లాల్లో పోశారు. పోసింది గట్టిపడ్డాక పట్టాలు వేశారు, ఇళ్ళు కట్టారు. లంకలు కొన్ని నేలలో కలిసిపోయాయి, కొన్ని నీళ్ళలో కలిసిపోయాయి. ఏది ఎటు పోయిందో పాత పటం పక్కన కొత్త పటం పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అందులో ఒక్క దిబ్బ గురించి మాత్రం, తెలిసి కూడా, నేను నోరు మూసుకున్నాను. ఒకరోజు కాదు, నా ఉద్యోగం ఉన్నంత కాలం.

మాది సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇల్లు. నేను పుట్టడానికి రెండేళ్ళ ముందు మా అమ్మకి ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజున పోయింది. పేరింకా పెట్టలేదు. మా వాడలో అలాంటి పసిబిడ్డల్ని ఉప్పుటేటి మధ్య ఒక దిబ్బ మీద పాతేవారు. ఆడవాళ్ళు వెళ్ళకూడదు. మా నాన్న బిడ్డని పాత చీరలో చుట్టి తెప్ప మీద పెట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి ఒట్టి తెప్పతో తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎక్కడ పెట్టావని అమ్మ అడిగింది.

వేటకెళ్ళే మనిషికి చోటు చెప్పడం ఒక్క తీరుగానే వచ్చు. సముద్రం మీద వీధులుండవు, మైలురాళ్ళుండవు. చేప దొరికిన చోటైనా, వల చిక్కుకుని చిరిగిన చోటైనా, గట్టు వైపు చూసి రెండు జతల గుర్తులు పెట్టుకుంటారు. ఒక పక్క ఈ కొండ ఆ కొండ వెనక్కి వెళ్ళాలి, ఇంకో పక్క ఫలానా చెట్టు ఫలానా రాతి మీద కూర్చోవాలి. రెండు జతలూ ఒకేసారి కలిస్తే అదే చోటు. మా నాన్న బిడ్డ సంగతీ అదే తీరుగా చెప్పాడు.

"చర్చి దర్గా ఎనక్కి ఎల్లిపోవాల. అటు తిరిగి సూత్తే యారాడ కొండ మీద లైట్‌హౌసు నల్లరాయి నెత్తిన కూకోవాల. రెండూ కలిసిన కాడ ఉన్నాది."

అంతే. ఆ తరవాత బతికిన ఇరవై ఏళ్ళలో ఆయన ఆ బిడ్డ ఊసెత్తలేదు. అమ్మ మాత్రం ఆ మాటల్ని వదల్లేదు. పాత ఊరి కొండల మీద చర్చి, దర్గా, గుడి పక్కపక్కనే ఉంటాయి కదా, ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ఆమె కళ్ళు ముందు అటే పోయేవి. చర్చికీ దర్గాకీ మధ్య ఎంత సందుందో వేలు అడ్డం పెట్టి చూసుకునేది. నా చిన్నప్పుడు అదేదో దణ్ణం పెట్టుకోవడంలో ఒక రకమనుకుని నేనూ వేలు పెట్టేవాణ్ణి. "మీ అప్ప అక్కడుందిరా," అనేది. ఎక్కడో నాకు తెలిసేది కాదు. తొమ్మిది రోజుల పసిగుడ్డు నాకు అప్ప, అంటే అక్క. నాకిప్పుడు అరవై దాటాయి, మా అప్పకి ఇంకా తొమ్మిది రోజులే.

మా నాన్న కోపిష్టి కాదు. వల తెగి చేపంతా జారిపోయినా బీడీ వెలిగించుకుని ఊరుకునేవాడు. అయినా ఆయన కోపం మీద అమ్మ దగ్గర ఒక కథ ఉండేది. వాడలోకి కాపురానికొచ్చిన ప్రతి కోడలికీ దాన్ని చెప్పేది, మగాళ్ళందరూ పిచ్చివాళ్ళేనని రుజువు చెయ్యడానికి.

నేను ఏడో నెల కడుపులో ఉన్నప్పుడు మా వాడ పక్క పల్లాన్ని పూడుస్తున్నారు. ఏటిని తవ్వే డ్రెజ్జరు ఎక్కడో కనబడనంత దూరంలో ఉండేది. మనిషి పాక్కుంటూ దూరగలిగేంత ఇనప గొట్టం ఒకటి అక్కడి నుంచి బురద మీదుగా వచ్చి మా వాడ పక్కన నోరు తెరిచి ఉండేది. ముందు గొట్టం లోపల గురగురమనేది. తరవాత కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. అప్పుడు ఒక్కసారిగా నల్లటి బురద కక్కేది. బురదతో పాటు దిమ్మతిరిగిన చేపలు, పీతలు, రొయ్యలు. వల వెయ్యకుండా, తెడ్డు ముట్టకుండా కూర. వాడలో ఆడవాళ్ళందరూ బుట్టలు పట్టుకుని ఆ నోటి ముందు కాచుకుని ఉండేవారట. అమ్మ కూడా ఒకరోజు బుట్టెడు ఏరుకొచ్చి పులుసు పెట్టింది. నాన్న వేట నుంచి వచ్చి, చేపలెక్కడివని అడిగాడు. గొట్టం కాడివి అంది. ఆయన పులుసు కుండని కాలితో తన్నాడు. పొయ్యి ఆరిపోయింది. మిగిలిన చేపల్ని బుట్టతో సహా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"కడుపుతో ఉన్న ఆడదాని నోటికాడ కూడు తన్నీసినాడు మీ మావ. ఎందుకో సెప్పమను," అని ముగించేది అమ్మ. కోడళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ పల్లం గట్టిపడ్డాక మా వాడ వాళ్ళకే అక్కడ ఇళ్ళ స్థలాలిచ్చారు. ఇప్పుడు మేముంటున్న కాలనీ అదే.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, నాన్న అప్పటికే లేడు, అమ్మ ఒక పొద్దున నాకు కాఫీ ఇస్తూ అడిగింది.

"ఒరే, నువ్వు పటాలు గీత్తావు కదేటి. మీ అప్ప ఏ కాడున్నాదో గీసి సెప్పు. నాను ఒక్కపాలి సూసి వత్తాను."

ఆమె కోరింది అంతే. బతికుండగా ఆ చోటు దగ్గర నిలబడాలి, ఇన్ని పాలు పొయ్యాలి. నాకేమో గర్వం. ఇరవై నాలుగేళ్ళవాడి చేతికి స్కేలిస్తే భూమి తనదే అనుకుంటాడు. ఆదివారం ఆఫీసుకి వెళ్ళి కొత్త పటం పరిచాను. చర్చి మీదుగా దర్గా మీదుగా ఒక గీత. లైట్‌హౌసు నుంచి నల్లరాతి మీదుగా ఇంకో గీత. రెండూ నీలిరంగులో కలిశాయి. ఓడలు లోపలికి వెళ్ళే దారి నడిమధ్య. పెన్సిలు మళ్ళీ చెక్కుకుని ఇంకోసారి గీశాను. అక్కడే కలిశాయి. పాత పటం తీసి పక్కన పెట్టాను. పాతదాంట్లో సరిగ్గా అక్కడ దిబ్బ ఉంది. కొత్తదాంట్లో లేదు. దారి వెడల్పు చేసినప్పుడు దాన్ని కోసేశారు.

ఆఫీసులో నేను తప్ప ఎవరూ లేరు. ఫ్యాను వెయ్యలేదు, కిటికీలు తియ్యలేదు. అయినా పటం అంచు మెల్లగా లేస్తోంది, పడుతోంది. చేత్తో అదిమి పట్టుకున్నాను. చెయ్యి తీస్తే మళ్ళీ లేచింది. రెండు పటాలూ చుట్టేసి బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను.

నీ బిడ్డని పాతిన మట్టే లేదమ్మా అని ఏ నోటితో చెప్పను? జాలిపడి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జాలీ కాదు, ఏమీ కాదు, పిరికితనం. సోమవారం ఆ చుక్కని పెన్సిలుతోనే పక్కకి జరిపి దగ్గర్లో ఉన్న గట్టు మీద, ఒక సరుకుల యార్డు గోడ మూల దగ్గర పెట్టాను. ఇంటికొచ్చి, "దొరికిందమ్మా," అన్నాను.

అప్పట్నుంచి ఏటా మాఘ పౌర్ణమి వెళ్ళిన మూడో రోజున, ఆ బిడ్డ పోయిన రోజున, అమ్మని ఆటోలో అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. గోడ మూల, సర్కారు తుమ్మ పొద, బొగ్గు పొడి. అమ్మ గ్లాసుతో తెచ్చిన పంచదార పాలు గోడ మొదట్లో పోసేది. ఆ నేల ఎన్ని లారీలు తొక్కి గట్టిపడిందో ఏమో, పాలు ఇంకేవి కావు. తెల్లగా అలాగే నిలబడి ఉండేవి, వాటి మీద బొగ్గు నలుసులు తేలేవి. అమ్మ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు చూసేది.

"తాగట్లేదురా," అనేది.

తరవాత వేలు అడ్డం పెట్టుకుని చుట్టూ వెతికేది. "మార్కులు కలవట్లేదు. చర్చి కనపడ్దేటి?"

"ఎక్కడ కనబడుతుందమ్మా, అన్నీ బిల్డింగులే కదా," అనేవాణ్ణి. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం కూడా అక్కర్లేకపోయింది, ఊరే నాకు సాయం చేసింది. ఏడాదికో అంతస్తు లేచి కొండల్ని మూసేసింది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఆటో దగ్గరికి నడిచేవాణ్ణి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నేను కాలు కడగడం కూడా తప్పించుకున్నాను.

ఒక్కటే భయం ఉండేది. పాత ఊరి రేవు నుంచి యారాడ కొండ వైపుకి మనుషుల్ని దాటించే మోటారు పడవ ఒకటుంది. అది ఓడల దారిని అడ్డంగా దాటుతుంది. అక్కడి నుంచి చూస్తే కొండల్ని మూసే బిల్డింగులు లేవు. కొండ అవతల మాకు చుట్టాలున్నారు, పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉంటాయి. ముప్పై అయిదేళ్ళూ అమ్మని చుట్టు తిప్పి రోడ్డు మీదనే తీసుకెళ్ళాను. పడవ ఎక్కనివ్వలేదు.

కిందటేడు చలికాలంలో మా మేనమామ వచ్చాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. బోటు డ్రైవరుగా చేసి, కళ్ళు తగ్గాక ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆయన మనవరాలికి కూతురు పుట్టింది, కొండ అవతల బారసాల. నేను ఆటోకి ఫోను చేస్తుంటే చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"కొండ సుట్టూ తిప్పుతావేటిరా ముసిల్దాన్ని? రేవు కాడ పడవెక్కితే పది నిమిసాలు."

"అమ్మకి మోకాళ్ళ నొప్పులు మావా. ఎక్కలేదు, దిగలేదు."

"నా మోకాళ్ళు నీకొచ్చి సెప్పేయేటిరా?" అంది అమ్మ. ఎనభై దాటిన మనిషి, అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది.

పదిన్నరకి పడవ కదిలింది. కారేజీలు పట్టుకున్న కూలీలు నలుగురు, ఒక మోటారు సైకిలు, మేం ముగ్గురం. అమ్మకి పాత ఊరి కొండలు కనబడకుండా నేను ఎదురుగా అడ్డం కూర్చున్నాను. "అప్పకి గాలాడనీరా అల్లుడా," అని మావ నన్ను పక్కకి జరిపాడు. సగం దూరం వెళ్ళేసరికి పడవవాడు ఇంజను ఆపేశాడు.

"ఓడొత్తంది. ఆగాల."

ఇంజను ఆగగానే ఊరి చప్పుడంతా ఎక్కడికో పోయింది. సముద్రం వైపు నుంచి ఓడ వచ్చింది. తుప్పుపట్టిన ఎర్ర గోడ ఒకటి నీళ్ళ మీద నడిచొస్తున్నట్టే ఉంది. అంత ఇనుము కదులుతుంటే ఎంత మోత ఉండాలి? లేదు. పైన ఒక్క మనిషీ కనబడలేదు. అది మా ముందు నుంచి పోతూ యారాడ కొండని మెల్లగా మూసేసింది, లైట్‌హౌసుని మూసేసింది. అది దాటిపోయాక పడవవాడు తాడు లాగాడు. ఇంజను అందుకోలేదు. మళ్ళీ లాగాడు. అందుకోలేదు. పోటు వేళ కావడం వల్ల, ఓడ వెనక నీళ్ళు లాక్కోవడం వల్ల, మా పడవ తనంతట తాను దారి మధ్యలోకి జరుగుతోంది.

"ఒరే," అంది అమ్మ. వేలు అడ్డం పెట్టుకుని ఉంది. "సందు తగ్గుతున్నాది."

నేను చూడదలుచుకోలేదు. చూశాను. చర్చి గోపురం దర్గా వైపుకి జరుగుతోంది, మెల్లగా, ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు. ఆ కొండలు పుట్టినప్పట్నుంచీ కదలలేదని తెలుసు, కదులుతున్నది మేమేనని తెలుసు. తెలిసినా, పడవవాణ్ణి చూసి, లాగవయ్యా, గట్టిగా లాగు, అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు.

"వేలుడుంది," అంది అమ్మ. "అర వేలు." తరవాత, "ఎల్లిపోనాది."

దర్గా తెల్లగా ఒక్కటే నిలబడి ఉంది. దాని వెనక ఏమీ లేదు. అమ్మ తొందరపడలేదు. అరవై ఏళ్ళు ఆగిన మనిషికి తొందరేముంటుంది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచి నిలబడింది, మోకాళ్ళు పట్టుకోకుండా. మెల్లగా యారాడ కొండ వైపు తిరిగింది. నల్లరాయి నెత్తిన లైట్‌హౌసు కూర్చుని ఉంది.

"కలిసీసేయి," అంది.

పడవ చుట్టూ నీళ్ళు లోపలికి పోతూనే ఉన్నాయి. గడ్డీ, ప్లాస్టిక్ సీసాలూ పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. మేం మాత్రం అక్కడే ఆగి ఉన్నాం. ఎందుకు ఆగామో నాకు ఈ రోజుకీ తెలీదు. కింద నీళ్ళు నల్లగా, నూనెలా ఉన్నాయి. అమ్మ వాటిని చూస్తూనే, నావైపు తిరక్కుండానే అడిగింది.

"నీకు తెల్సునా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

"ఇన్నేళ్ళూ గోడకి పాలు పోయించేవురా," అంది. గొంతు పెంచలేదు. చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండేది. నాకు ఆ నీళ్ళలోకి దిగిపోవాలనిపించింది.

ఏం జరుగుతోందో మావకి అర్థం కాలేదు. నాన్న చెప్పిన గుర్తులు అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీవు. మా అప్పని పాతిన దిబ్బ ఇక్కడుండేది అని నాలుగు ముక్కల్లో చెప్పాను. మావ ముందు కొండల్ని చూశాడు, తరవాత నీళ్ళని చూశాడు. దారి తెలిసిన డ్రైవరు కదా, ఇట్టే పట్టాడు.

"అవునప్పా. ఇక్కడ దిబ్బుండీది. నాకు గేపకం ఉన్నాది. నాను అప్పుడు గొట్టం కాడ నట్లు బిగించీ పనిలో ఉన్నాను కదేటి. డ్రెజ్జరు నెల్లాళ్ళు ఇక్కడే నిలబడింది. దిబ్బంతా కోసీసి, గొట్టంలోంచి మన పల్లంలోకే..."

అక్కడ ఆగిపోయాడు. అమ్మ అతన్ని చూస్తోంది. మూడోసారి తాడు లాగితే ఇంజను అందుకుంది. చర్చి దర్గా వెనక నుంచి బయటికొచ్చింది.

బారసాలలో పసిదాన్ని తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టారు, ఇంటికి పెద్ద కాబట్టి. అమ్మ అక్షింతలు వేసింది, దిష్టి తీసింది, అందరితోపాటు భోంచేసింది. చేప ఇగురు మాత్రం విస్తట్లో వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పడవే అంది. పాలు తెమ్మంటావా అని అడిగాను. "ఎందుకు? అక్కడ నేదు కదా," అంది. దాటేటప్పుడు కొండల వైపు చూడలేదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆమె అటు చూడకపోవడం అదే మొదటిసారి.

మా కాలనీ మొదట్లో రోడ్డు కొంచెం కిందికి దిగుతుంది. పాత గట్టు అక్కడితో అయిపోయి, పోసిన నేల మొదలవుతుంది. కొత్తవాళ్ళకి ఆ వాలు తెలియదు కూడా. అమ్మ ఆటోని అక్కడే ఆపించి దిగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"గాజు పెంకులుంటాయమ్మా. వేసుకో."

"ఏ కాడ తొక్కుతానో తెల్దు కదరా," అంది.

నేను ఆ వాలు మీద నిలబడి కిందికి చూశాను. టీ కొట్టు, మంచినీళ్ళ ట్యాంకు, ఆడుకుంటున్న పిల్లలు, బట్టలారేసిన మేడలు, బళ్ళు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఆ సాయంత్రం మాత్రం నాకు అడుగు పడలేదు. అమ్మ నా ముందు, కాలు ఆనించి ఆనించి, నిద్రపోతున్న పిల్ల పక్క నుంచి నడిచినట్టు నడిచి వెళ్ళింది.

ఇంట్లో వంటింటి గచ్చు మీద కూర్చుంది. అప్పుడు అంది, "ఆయనికి తెల్సురా."

"ఎవరికమ్మా?"

"మీ నాన్నకి. దిబ్బ కోసీసినప్పుడు వేటకెల్తా సూసుంటాడు. దాని మట్టే ఆ గొట్టంలో వత్తందని తెల్సు. నాకు సెప్పలేపోయేడు. కుండ తన్నీసేడు." కాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నాను ఊరందరికీ సెప్పి నవ్వించీసేను ఆయన్ని."

మా నాన్నా నేనూ ఒకే మాట దాచిపెట్టాం. ఆయన రెండు రోజులు పస్తున్నాడు, ఇరవై ఏళ్ళు ఒక్కడే మోశాడు. నేను ఆటోలో తిప్పాను.

"ఆయన తన్నీకముందే నాను రెండు ముద్దలు తినీసేను," అంది అమ్మ. ఆ సంగతి ఆ కథలో ఎప్పుడూ లేదు. "ఆకలి. ఏడో నెల కదా. నువ్వు లోపల్నించి తన్నుతన్నావు."

ఆమె నా పొట్ట వైపు చూసింది, ఏదో మర్చిపోయిన వస్తువు అక్కడ కనబడ్డట్టు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఈ మాఘంలో మేం గోడ దగ్గరికి వెళ్ళలేదు. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు పొద్దున అమ్మ పాలల్లో పంచదార కలుపుకుని వంటింట్లోకి వచ్చింది. నన్ను తలుపు వెయ్యమంది. గచ్చు పగిలిన చోట, గవ్వలు పైకొచ్చే చోట, గ్లాసు వంచింది. పాలు కాసేపు కూడా నిలబడలేదు. నేను చూస్తుండగానే పగులు వెంట లోపలికి పోయాయి, గుటకలు వేసినట్టు చిన్న చప్పుడు కూడా అయింది. గాలి బుడగలై ఉంటాయి. ఖాళీ గ్లాసులో ఇంకేమైనా మిగిలిందేమోనని అమ్మ చూసింది.

"ఇంకాసిన్ని పట్రా," అంది నాతో. "ఆకలి మీదున్నాది."

స్టవ్వు పక్క గిన్నెలో ఉన్న పాలు మొత్తం తెచ్చాను. పంచదార వేశాను. ఈసారి నేను పోశాను. అవీ పోయాయి. గ్లాసు కడిగి బోర్లించి, అమ్మ తలుపు తియ్యమంది. పోటు రోజులు కదా, భుజం పెట్టి తొయ్యాల్సి వచ్చింది.